రేడియోకెక్కిన కూనిరాగం

లాండ్రీలో లువీనియా ప్యాట్‌వే ఇస్త్రీ బల్ల నా బల్ల పక్కనే. ఎండాకాలం అమెరికా దక్షిణాదిలోని మా హెలీనాలో బయటే నిప్పులు చెరుగుతుంది, ఇక లోపల సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఉడుకుకి మేమంతా తెల్లదొరల దుప్పట్లను తిట్టుకుంటుంటే, లువీనియా మాత్రం వాళ్లమ్మ కూనిరాగం అందుకునేది. ఆవిడ వంటింట్లో మొక్కజొన్న రొట్టె కాలుస్తూ తీసే రాగం అది. మాటలు లేవు, ఉత్త మూలుగు. లువీనియా దానికి ఇస్త్రీ యంత్రం దెబ్బలతో తాళం కట్టి, "ఉడుకెత్తింది, తలుపు తియ్యండి" అని మాటలు పెట్టింది. వారం తిరక్కుండా లాండ్రీ అంతా అదే పాట.

రేడియోలు బాగుచేసే గిలియం చెవిన పడింది. రికార్డు చేద్దామని వెంటపడ్డాడు. మా చర్చిలో, దేవుడివి కాని లోకపు పాటలు పాడినవాళ్ల నోరు కట్టేస్తారు. అంటే వెనక బెంచీలో కూర్చోవాలి, చప్పట్లు కొట్టకూడదు, పెదవి కదపకూడదు. అందరి ముందూ నిలబడి, ఆ పాట సైతానుదని ఒప్పుకునేదాకా అంతే.

"ఒసేయ్, పాస్టరుగారికి తెలిస్తే?" అన్నాను.

"సారాకొట్టులో పాడితే కదే పాపం! గిలియం తన కొట్టు వెనక గదిలో, రికార్డులో బయటి చప్పుడు పడకుండా గోడలకి బొంతలు కట్టుకున్నాడు. బొంతలకి పాడితే పాపమేంటి?" అంది.

ఆ బొంతలు విన్న పాట చలికాలానికి మెంఫిస్ రేడియోలో వచ్చింది. తర్వాత ఊరూరా మోగింది. ఎవరో తెల్లకుర్రాడు అదే పాట పాడితే దేశమంతా గంతులేసింది. వాడిది సంగీతమట, మా నల్లవాళ్లది గోలట! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

లువీనియాకి దక్కింది వెనక బెంచీ. వీధిలోకొస్తే పిల్లలు "తలుపు తియ్యండి" అంటూ వెంటపడేవారు. చర్చికొస్తే పెద్దలు ముఖం తిప్పుకునేవారు. గిలియం దగ్గర వేరే పాట ఎత్తుకుంటే, "అది కాదు, అలాంటిదే ఇంకొకటి" అనేవాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పోనీ, సైతానుదని ఒక్క మాట అనేసి బయటపడరాదూ?" అన్నాను.

"అది మా అమ్మ రాగమే. అమ్మ నోట్లోది సైతానుదని ఎలా అనను?"

ఆ రాగం తనదేనని అమ్మ చేతే చెప్పిద్దామంటే, రికార్డు రాకముందే ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాట ఉన్నప్పుడు కూతుర్ని కోరింది ఒక్కటే, తన శవపెట్టె దగ్గర ఆ రాగం తియ్యమని. ఇంట్లో కూతురు తప్ప, ఆవిడ నోట దాన్ని విన్నవాళ్లు లేరు.

ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. నోరు కట్టేసిన మనిషి తల్లి శవం ముందైనా సరే పాడకూడదు. రికార్డు వేరు, రాగం వేరు అని లువీనియా తనకి తానే నచ్చజెప్పుకుంది. పెట్టె చర్చిలో దించాక లేచి నిలబడింది.

"ఆ రికార్డు సైతానుది. వదిలేశాను," అంది. ఆ మాట అనడానికి లోపల ఎంత చచ్చిందో నాకు తెలుసు.

పాస్టరు క్రచ్చర్ కళ్లు తుడుచుకుని, "దేవుడికి స్తోత్రం! పాడమ్మా," అన్నారు.

పెట్టె మీద చెయ్యి వేసి రాగం అందుకుంది. మాటలు లేవు, తాళం లేదు. వంటింట్లో వాళ్లమ్మ ఎలా తీసేదో అలాగే, మెల్లగా. అయినా రాగం రెండో మలుపు తిరిగేసరికే అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. పాస్టరు చెయ్యెత్తి ఆపారు.

"ఇప్పుడేగా సహోదరీ వదిలేశానన్నావు?"

"ఇది రికార్డు కాదండీ. మా అమ్మది."

"రేడియోలో పొద్దస్తమానం వింటూనే ఉన్నాం. మీ అమ్మ పాడగా ఎవరు విన్నారమ్మా?"

లువీనియా మా అందరి వంకా చూసింది. నేను విన్నది కూడా తన నోటనే. సాక్ష్యం చెప్పగల మనిషి ఒక్కతే, ఆవిడ పెట్టెలో ఉంది.