మర్రిగూడ పెళ్లిచూపుల్లో సముద్రం

ఆ రోజుల్లో నాకు రాయి కనిపిస్తే పక్కనున్న మనిషి కనిపించేవాడు కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, జియాలజీ చదువు ముగించి ఉద్యోగంలో చేరీ చేరగానే, మా బాపు, మేనత్త కలిసి నన్ను మర్రిగూడ దగ్గర ఒక ఊరికి పెళ్లిచూపులకు తీసుకుపోయారు. అంతకుముందు రెండు సంబంధాలు నా వాగుడు వల్లనే తప్పిపోయాయి. "రాళ్ల ముచ్చట తీసినవంటే చూడు! గీ సంబంధం గూడ తప్పితే ఇగ నేను తిరగ" అని బాపు దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఫొటోలో ఆ అమ్మాయి నవ్వు చూసినప్పటి నుంచి నాకూ ఈ సంబంధం కుదరాలనే ఉంది. నోరు మెదపనని మాటిచ్చాను.

ఆ మాట కాళ్లు కడుక్కునేదాకే నిలిచింది. వాకిట్లో బట్టలుతికే పెద్ద నాపరాయి బండ, ఎప్పుడో కృష్ణ ఒడ్డు నుంచి లారీలో తెప్పించిందట. చెంబెడు నీళ్లు పోసుకున్నానో లేదో, సాయంత్రపు ఏటవాలు ఎండలో బండ మీద అలలు లేచాయి! నిజంగా అలలే (ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు పులకరిస్తోంది). కోట్ల ఏళ్ల కింద, లోతులేని సముద్రం అడుగున బురద మీద నీళ్లు ఊగి ఊగి వేసిన మడతలు అట్లాగే రాయైపోయాయి. వాటికి అడ్డంగా, ఎండిన చెరువులో పడే నెర్రెల్లాంటి గీతలు. అంటే సముద్రం వెనక్కి తగ్గింది, ఎండ మండింది, బురద బీటలువారింది, మళ్లీ నీళ్లొచ్చి ఆ బీటల్ని కొత్త బురదతో నింపాయి. ఒక్క బండ మీద అన్ని కాలాలు! కొత్త ప్యాంటు సంగతి మరిచి బోర్లా పడుకుని, చెంప బండకు ఆనించి, రెండు చేతులతో గబగబా తడుముతున్నాను.

"అయ్యో, పిలగానికి మూర్ఛ వచ్చింది! తాళాలు తేండ్రి!" అని పిల్ల అవ్వ కేక పెట్టింది. ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. ఎవరో నా పిడికిట్లో ఇనుప తాళాలగుత్తి కుక్కారు. "సముద్రం! ఇది సముద్రం!" అని నేను అరిచినకొద్దీ, "పలవరిస్తుండు, జర గట్టిగ పట్టుండ్రి" అంటుంది అవ్వ. "లేవరా, ఇజ్జత్ పోతాంది" అని బాపు తల పట్టుకున్నాడు. "గీ రోగం ముందుగాల చెప్పొద్దా?" అని పిల్ల నాయిన ముఖం మాడ్చుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు లోపలి నుంచి పిల్లే వచ్చింది. చెంబుతో బండ మీద నీళ్లు పోసి, నా పక్కనే గొంతుక్కూర్చుని, తల వంచి చూసింది. "నాయినా, ఈయనకేం కాలె. గివి అలలే. చిన్నప్పటి సంది సబ్బు వీటిల ఇరుక్కుంటదని తిట్టుకుంటున్న" అంది.

"తాగనీకె నీళ్లు లేని జాగకు సముద్రం తెచ్చుకున్నమా!" అని అవ్వ ముక్కున వేలేసుకుంది.

"మరి గీ నెర్రెలేంది?" అని ఆమె నన్నడిగింది. చెప్పాను. చాయ్ చల్లారేదాకా చెప్పాను (తాళాలగుత్తి ఇంకా చేతిలోనే ఉంది). బాపు కూడా ఆపలేదు.

ఆ బండ ఇప్పుడు మా పెరట్లో ఉంది. పెళ్లి సామానుతో పాటు ట్రాక్టర్‌లో వచ్చింది. దారిలో ఏ రాయి దగ్గరైనా నా గొంతు పెరిగిందంటే మా ఆవిడ ఏమీ అనకుండా బండి తాళం నా పిడికిట్లో పెడుతుంది. ఈమధ్య ఆ అవసరం తగ్గింది. పని ఎక్కువైంది, బోర్లా పడుకుందామంటే పొట్ట అడ్డం వస్తోంది. మొన్న వాన వెలిసినాక, తడిసిన ఆ బండ ముందు నిలబడి నేనే చెయ్యి చాపాను. ఆమె నవ్వి, తాళం పెట్టింది.