బెంజోకు చిక్కం

మా పెద్దబాపు పోయాడన్న కబురు నాకు ఆష్టి బస్‌స్టాండులో అందింది. గడ్చిరోలి నుంచి వచ్చిన బస్సు దిగి, సిరొంచ బస్సు కోసం చూస్తూ, చేతిలో వేడి వడాపావ్‌తో నిలబడి ఉన్నాను. ఫోన్‌లో మా బాపు, "బిడ్డా, పెద్దబాపు పోయిండు. పగటిపూట తిని పండుకున్నడు, మళ్ల లేవలేదు. నువ్వు పరేషాన్ గాకు, మెల్లగ రా" అన్నాడు.

వడాపావ్ చల్లారకముందే పూర్తిగా తిన్నాను. ఇది చదివి నన్ను రాతిగుండె అనుకునేవాళ్లకు ఒక మనవి. ఆ క్రమశిక్షణ నాకు నేర్పింది పోయినాయనే. "ముందుగాల తిను. ఏడ్సుడు తర్వాత సూసుకుందాం, అదేడికి పోదు" అనేవాడు. ఆయన మాట నిజమే. ఎక్కడికీ పోలేదు. బస్సు జిమల్‌గట్ట దాటాక ఏడుపు నింపాదిగా వచ్చింది. పక్క సీటులో కూర్చున్న ముసలమ్మ ఏమీ అడగకుండా తన కొంగు చివర నా చేతిలో పెట్టింది.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. ఆయన జీవితంలో చప్పుడు లేకుండా చేసిన పనులు రెండే. ఒకటి ఇలా పోవడం. రెండోదాన్ని గురించే ఇది రాస్తున్నాను.

ఆయన వానాకాలం వరి పండించేవాడు, ఎండాకాలం పెళ్లి ఊరేగింపుల్లో బెంజో వాయించేవాడు. బెంజో అనగానే మెడలో తగిలించుకునే గుండ్రటి వాయిద్యాన్ని ఊహించుకున్నవాళ్లు కాస్త ఆగాలి. మా వైపు బెంజో అంటే పొడుగాటి చెక్కపెట్టె, దాని మీద ఇనుప తీగలు, తీగల మీద టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు. ఎడమచేత్తో మీటలు నొక్కుతూ కుడిచేత్తో ప్లాస్టిక్ ముక్క పట్టుకుని తీగలు గీకాలి. దానికి వైరు తగిలించి, బండి మీద రెండు భోంగాలు, అంటే మైకు గొట్టాలు, కట్టి వదిలితే పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం కూడా పెళ్లి గురించి పునరాలోచనలో పడుతుంది. వరి గురించి పెద్దబాపు ఏనాడూ గొప్పలు పోలేదు. బెంజో గురించి మాత్రం, "మనం సిరొంచల కొడితె గోదావరి అవుతల వంటోళ్లు గంటెలు ఇడిసిపెట్టాలె" అనేవాడు. అవతలి నుంచి ఎవరూ వచ్చి ఆ మాట నిజమని చెప్పలేదు. అబద్ధమని కూడా చెప్పలేదు కాబట్టి మా ఇంట్లో అది చరిత్రగా చలామణి అయింది.

ఆ మీటల మీద కాగితం ముక్కలు అంటించి స రి గ మ ప ద ని అని రాసుకున్నాడు. మాది మరాఠీ రాష్ట్రం కాబట్టి బడిలో నాకు మరాఠీ చెప్పారు. తెలుగు అక్షరాలు మాత్రం ఆయన ఒళ్లో కూర్చుని ఆ మీటల మీద నేర్చుకున్నవే. లోకమంతా 'అ'తో మొదలుపెడితే నేను 'స'తో మొదలుపెట్టాను. ఓనమాలు రాకముందే 'సరి', 'పని', 'గని' అని గోడల మీద రాసి తిట్లు తిన్నాను. ఈరోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ కాగితాల చలవే. తప్పులుంటే అవి కూడా వాటి ఖాతాలోకే.

ఏళ్ల తరబడి భోంగా పక్కన కూర్చుంటే చెవులు ఊరుకుంటాయా? కుడి చెవి రాజీనామా చేసింది. ఎడమది మాటిమాటికీ సెలవు పెట్టేది. డాక్టరుకు చూపిద్దామంటే ఆయనకు కోపం.

"నాకేమైంది? మీరే ఈ నడుమ మెల్లగ మాట్లాడుడు నేర్సుకున్నరు. సదువుకున్నోళ్లకు గొంతే లేదు."

గొంతు ఉన్న మనిషి మా ఇంట్లో పెద్దమ్మ. అంటే ఆయన భార్య. నాట్లప్పుడు ఆమె మడిలో పాట ఎత్తుకుంటే గట్టు మీద చాయ్ కాచేవాళ్లు తలలాడించేవాళ్లు. మా ఇంటి నుంచి ఏ ఆడపిల్ల అత్తగారింటికి బయలుదేరినా అప్పగింతల పాట పెద్దమ్మే పాడాలి. పాత పాటలోనే ఆ పిల్ల పేరు, ఆ పిల్ల చిన్నప్పుడు చేసిన ఆగడాలు, పెంచుకున్న మేకపిల్ల పేరు కూడా కలిపేసేది. ఆ పాట అయ్యేదాకా పెళ్లికూతురి బండి కదలడానికి వీల్లేదు. మా ఇంటి రాజ్యాంగంలో అదొక్కటే రాయని చట్టం.

పెళ్లయిన కొత్తలో పెద్దమ్మ, "నేను పాడుత, నువ్వు ఎనుక బెంజో కొట్టు" అని అడిగిందట. ఈయన, "బెంజో పార్టీల పాడేటోళ్లు ఉండరే. పాట బెంజోనే పాడుతది. నువ్వు పాడితె ఇగ బెంజో ఏం జెయ్యాలె, బీడీ తాగుకుంట కూసోవాల్నా?" అన్నాడట. ఈ సంభాషణను పెద్దమ్మ ప్రతి పండక్కీ వచ్చిన చుట్టాల ముందు, ఇద్దరి గొంతులతోనూ వినిపించేది. మొదట్లో ఆయన వినపడనట్టు నటించేవాడు. తర్వాత నటించాల్సిన అవసరం లేకపోయింది.

అలాంటి పెద్దమ్మకు గొంతులో గడ్డ అని ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, మనిషి దక్కింది. గొంతు మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు. మాటలో గాలి ఎక్కువ, అక్షరం తక్కువ. ఆమె పలకదు, ఆయన వినడు. వాళ్ల కాపురం సైగలతోనూ, గంటెతో పళ్లెం మీద కొట్టడంతోనూ కొంతకాలం నడిచింది. అన్నానికి పిలవడానికి ఒక దెబ్బ, కోపానికి వరసగా చాలా దెబ్బలు.

సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్లి కుదిరింది. పిల్లవాడు జిమల్‌గట్టలో బడిపంతులు. మగపెళ్లివారు డీజే తెస్తున్నారని కబురు వచ్చిన రోజు వాకిట్లో కూర్చుని మా అమ్మ పెద్దమ్మ దగ్గర అసలు విషయం ఎత్తింది.

"అక్కా, నువ్వు గొంతు ఇరగదీసుకోకు. అప్పగింతల పాటలు ఫోన్ల శానా ఉన్నయి. డీజే ఆయనకిస్తె పెడుతడు."

అమ్మ మంచికే అంది. పెద్దమ్మ చాట తెచ్చుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఆ బియ్యం పొద్దున్నే ఏరేసినవి.

పెద్దబాపు ఆమె మొహం చూసి, "ఏమైందే?" అన్నాడు. ఆమె లేచి వెళ్లి ఆయన ఎడమ చెవి దగ్గర వంగి చెప్పింది. చెప్పిన మాట మాకు పెదవుల్లోనే తెలిసింది: "నా పాట ఫోన్ల పెడుతరట."

ఆయన లేచి దొడ్లోకి పోయాడు. వినపడలేదేమో అనుకున్నాం. వినపడింది.

మర్నాడు ఆయన బెంజో దించి ముందేసుకున్నాడు. వెనక ఒక్క వాయిద్యం శ్రుతి పట్టుకుంటే పెద్దమ్మ పాట నిలబడుతుందని ఆయన లెక్క. చిక్కేమిటంటే ఆ బెంజోకు వైరు పీకేసినా దాని ఇనుప గోల ముందు ఆమె గొంతు సముద్రంలో చెంచాడు చక్కెర. కాబట్టి ముందు బెంజో నోరు తగ్గించాలి. తీగల కింద పాత ధోతి ముక్క దోపాడు. మిరపకాయలు దంచినట్టు దబదబమంది. సైకిల్ ట్యూబు ముక్క పెట్టాడు. జలుబు చేసిన కప్పలా ఉంది. నేను అప్పుడు గడ్చిరోలిలో భౌతికశాస్త్రం చదువుతున్నాను, సెలవులకు ఇంటికొచ్చాను. కంపనాలు, బరువు, శక్తి క్షయం అంటూ ఆయన ఎడమ చెవిలో ఉపన్యాసం ఇచ్చాను. ఓపికగా విన్నాడు.

"శానా మంచిగ జెప్పినవ్ బిడ్డా. ఇంతకు ఏం పెట్టాలె?"

అది మా సిలబస్‌లో లేదు.

చివరికి దొరికింది దండెం మీద. పెద్దమ్మ బట్టలారేసే చెక్క క్లిప్పు. దాని నోట్లో రెండువైపులా గొంగడి ముక్క అంటించి, తీగలు ఆనుకునే చిన్న చెక్క ఉంటుంది చూడండి, దాన్ని ఘోడీ అంటారు, దాన్ని కరిచిపట్టేలా పెట్టాడు. గీకాడు. బెంజో పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు, తలుపు దగ్గరికేసి వాయిస్తున్నట్టు పలికింది. ఇనుము పోయింది, పాట మిగిలింది.

పెద్దమ్మ తడిబట్టలు భుజాన వేసుకుని క్లిప్పు వెతుక్కుంటూ వచ్చింది. బెంజో మీద చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. కళ్లం తొక్కేటప్పుడు ఎడ్లు గింజలు మేయకుండా మూతికి తాడుబుట్ట కడతారు కదా, చిక్కం, అది గుర్తొచ్చినట్టుంది.

"ఎద్దుకు కట్టినట్టు బెంజోకు చిక్కం కట్టినవేందయ్యా?"

ఆ మాట మాత్రం ఆయనకు ఎలా వినపడిందో తెలియదు.

"ఇన్నేండ్లు నీ పాట మేసింది గద" అన్నాడు. "ఇగ మెయ్యది."

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ మా పెద్దబాపు లాంటి మనిషి మాత్రమే చేయగల పొరపాటు ఒకటి అప్పుడు జరిగింది. చిక్కం పెట్టాక బెంజో ఆయనకు వినపడలేదు. వినపడని బెంజో ఆయన దృష్టిలో వాయించని బెంజోతో సమానం. అందుకని బలంగా గీకాడు. ఇంకా బలంగా గీకాడు. క్లిప్పు ఎగిరి దొడ్లో బర్రె ముందు పడింది. పెద్దమ్మ పాట మొదటి చరణం దగ్గరే మళ్లీ మునిగిపోయింది. రోజూ ఇదే తంతు. పెళ్లి దగ్గర పడుతోంది. పెద్దమ్మ మొహంలో ఆశ పొద్దున వస్తోంది, సాయంత్రానికి పోతోంది. అమ్మ డీజే ఆయన కోసం ఫోన్‌లో ఒక పాట వెతికి పెట్టుకోవడం నేను చూశాను.

ఒక సాయంత్రం పెద్దమ్మ పాడటం ఆపేసింది. వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె లేచి ఆయన ఎడమవైపుకు వచ్చి, మోకాలికి మోకాలు ఆనేలా కూర్చుంది. గీకే చెయ్యి పట్టుకుంది.

"నీ బెంజో నీకు ఇనవడాల్నని కొడుతున్నవ్. అది నాకు ఇనవడుతది తియ్యి. నీకు ఇనవడాల్సింది నేను."

ఆయన ఆమె వైపు చూశాడు. చెవి ఆమె నోటి దగ్గరికి వంచాడు. ఆమె పాడుతుంటే వినపడేదాకా చెయ్యి తగ్గించుకుంటూ పోయాడు. ఇంకొంచెం, ఇంకొంచెం. ఒకచోట ఆయన తల మెల్లగా ఊగింది. "ఆఁ, వస్తున్నవ్" అన్నాడు, దూరం నుంచి నడిచొస్తున్న మనిషితో అన్నట్టు. ఆ రోజు నుంచి క్లిప్పు బర్రె దగ్గరికి పోలేదు.

పెళ్లిరోజు ఎండ వాలాక అక్క బండి దగ్గర డీజే ఒళ్లు మరిచి మోగుతోంది. పెద్దబాపు బెంజో చంకన పెట్టుకుని డీజే అబ్బాయి దగ్గరికి వెళ్లి, "జర బంద్ చెయ్యి బేటా" అన్నాడు. వాడు కట్టేశాడు. పందిట్లో పెద్దబాపు రెండు తీగలు సవరించుకోగానే వాడు పాపం మంచితనంతో వైరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"కాకా, ఆవాజ్ వస్తలేదు. నా మిషన్ల కలుపుత, ఆగు."

"వద్దు. ఇయ్యాల ఆవాజ్ ఆమెది."

పెద్దమ్మ మొదలుపెట్టింది. వినపడాలంటే అందరూ దగ్గరికి రావాల్సి వచ్చింది. మగపెళ్లివారు, వంటవాళ్లు, డీజే అబ్బాయి, చెప్పులు చేత్తో పట్టుకున్న పిల్లలు గుంపుగా వంగి నిలబడ్డారు. పాటలో అక్క చిన్నప్పుడు ప్రాణహితలో పోగొట్టుకున్న చెప్పు వచ్చింది. పెంచిన మేకపిల్ల వచ్చింది. నడిమధ్యలో పెద్దమ్మకు ఊపిరి అందలేదు. పాట ఆగిపోయింది.

పెద్దబాపు జీవితమంతా సందు దొరికితే చాలు బెంజోతో నింపిన మనిషి. ఊరేగింపులో డోలువాడు చెమట తుడుచుకునేలోపు ఆ ఖాళీలో ఒక పాట తోసేవాడు. ఆ రోజు ఆయన చెయ్యి తీగల మీద గాలిలో ఆగింది. నింపలేదు. ఆమె పెదవులు చూస్తూ ఆగాడు. పెద్దమ్మ ఊపిరి తీసుకుంది. పాట వదిలిన మాట దగ్గరే మళ్లీ ఎత్తుకుంది, ఆ మాట కిందనే బెంజో వచ్చి కూర్చుంది.

అక్క బండి పాట అయ్యాకే కదిలింది. అమ్మ ఫోన్ పర్సులోనే ఉండిపోయింది, నేను చూశాను.

తర్వాత ఆయన బెంజో పార్టీ వదిలేశాడు. పార్టీవాళ్లు ఇంటికొచ్చి, "కాకా, నీ ఎద్దుకు చిక్కం ఇప్పవా ఇగ?" అని ఆటపట్టించేవాళ్లు. "మేత అలవాటు తప్పింది దానికి" అని నవ్వేవాడు. సాయంత్రాలు అరుగు మీద మోకాలికి మోకాలు ఆనించి ఇద్దరూ కూర్చునేవాళ్లు. ఒకప్పుడు గోల భరించలేక కిటికీలు మూసుకున్న ఎదురింటివాళ్లు ఇప్పుడు ఏమీ వినపడటం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు. మా వాడకట్టుకు సంతృప్తి అన్నది రాసిపెట్టి లేదు. నేను సెలవులకు వచ్చినప్పుడు ఆయన, "పోరీ, నీ భౌతికశాస్త్రం ఎట్లున్నది?" అని అడిగేవాడు, దూరపు చుట్టం ఆరోగ్యం అడిగినట్టు.

నేను ఇల్లు చేరిన మర్నాడు పొద్దున ఆయన్ను ప్రాణహిత ఒడ్డుకు తీసుకెళ్లాలి. పార్టీవాళ్లంతా డోళ్లతో వచ్చారు. ఇప్పుడు పార్టీలో బెంజో వాయిస్తున్నది ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. ఆయన బెంజోతోనే ఆయన్ను సాగనంపుతానని వాడు అడిగాడు. పెద్దమ్మ లోపలికెళ్లి తెచ్చి ఇచ్చింది. చిక్కం దాని మీదే ఉంది. వాడు దాన్ని చూసి, "మెల్లగనే కొడుత పెద్దవ్వా, సావు గద" అన్నాడు.

పెద్దమ్మ క్లిప్పు నొక్కి తీసింది. ఆయన చెవి దగ్గర వంగే అలవాటుతో వాడి చెవి దగ్గరికి వంగింది.

"గట్టిగ కొట్టు బిడ్డా. ఆయన మెల్లగ కొట్టింది నా కోసం. ఇయ్యాల నేను పాడుతలేను."

కొంచెం ఆగి మళ్లీ అంది: "గోదావరి అవుతల గంటెలు ఇడిసిపెట్టాలె."

భోంగాలు కట్టారు. వాడు కొట్టాడు. నేను నవ్వానో ఏడ్చానో నిజంగా తెలియదు. రెండూ ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

ఒడ్డు నుంచి వచ్చి, స్నానాలు చేసి, వాకిట్లోకి వచ్చేసరికి పెద్దమ్మ ఆయన తువ్వాల ఉతికి దండెం మీద ఆరేసింది. నది వైపు నుంచి గాలి బాగా వస్తోంది. తువ్వాల పైకి లేస్తోంది, మెలి తిరుగుతోంది, ఎగిరిపోవాలని చూస్తోంది. నడిమధ్యలో చెక్క క్లిప్పు, నోట్లో నల్లటి గొంగడి ముక్కతో, దాన్ని మెత్తగా కరిచిపట్టుకుని ఉంది.