పెదవులు కలవని నెల

కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. జగిత్యాల నుంచి రోజూ బస్సులో వెళ్లొస్తాను. రెండేళ్ల కిందట, జనవరిలో ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే నోట్లో నీళ్లు కుడివైపు నుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే మూతి ఎడమకు లాక్కుపోయి ఉంది. కుడికన్ను మూతపడడం లేదు. పక్షవాతం కాదు, ముఖంలో నరం వాచింది, తగ్గడానికి నెల పైనే పడుతుంది, అందాకా సెలవు పెట్టమన్నాడు డాక్టరు.

ప్రిన్సిపాల్ డాక్టరు రాసిచ్చిన చీటీ చూడనే లేదు.

"కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయి గదా మేడం. సిలబస్ ఎవలు జేస్తరు? మాస్క్ పెట్టుకొని చెప్పుండ్రి. లేకుంటె వేరేటోళ్లను చూసుకుంటం."

మాస్క్ పెట్టుకున్నాను. పెదవులు కలిస్తే గాని ప, బ, మ పలకవు. నాకు కలిసేవి కావు. అప్పుడు జరుగుతున్న పాఠం పరాన్నజీవులు. ప్లాస్మోడియం అనబోతే గాలి మాత్రమే వచ్చేది. మొదటిరోజు క్లాసు జాలిగా చూసింది. మూడోరోజుకు నవ్వడం మొదలుపెట్టింది. నాలుగోరోజు నేను మాస్క్ దించి చున్నీ అడ్డం పెట్టుకుని నీళ్లు తాగుతుంటే ఒకడు వీడియో తీశాడు. స్టాఫ్‌రూంలో తోటి లెక్చరర్ ఫోన్‌లో చూపించింది. తీసినవాడు కరస్పాండెంటు మేనల్లుడు.

"ఏమనకు అక్కా, ఊకో. నౌకరీ పోతది," అంది.

ఊరుకున్నాను.

రెండో బెంచీలో సిరిసిల్ల అమ్మాయి ఒకతె ఉండేది. హాస్టల్లో ఉండి చదువుకునేది. ఇంట్లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తారు, తల్లి నూలు కండెలు చుడుతుంది. అమ్మాయికి నత్తి. కాలేజీలో చేరిన కొత్తలో నా దగ్గరికొచ్చి, హాజరు పిలిచినప్పుడు పలకలేనని, చెయ్యెత్తుతానని అతి కష్టం మీద చెప్పింది. సరేనన్నాను. ఏడాదిన్నర ఆ మాట నిలబెట్టుకున్నాను.

వీడియో చూసిన మర్నాడు నా నోట ఏదో మాట తేలిపోయింది, క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కరస్పాండెంటు మేనల్లుడు అందరికన్నా గట్టిగా నవ్వాడు. నేను లేపింది ఆ అమ్మాయిని.

"లే. నాకు రాదు గదా. నువ్వు చదువు."

పుస్తకం తెరిచి, పేజీ నిండా 'ప' ఉన్నచోట వేలు పెట్టి ఇచ్చాను. "ప్... ప్..." దగ్గరే ఆగిపోయింది. వెనక బెంచీలవాళ్లు ఆ నత్తికి తాళం కొట్టారు. ఆమె నావైపు చూసింది. "కానీ, కానీ," అన్నాను. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి. మాస్క్ కింద నా ముఖంలో పనిచేసే సగం నవ్వుతోంది. గంట కొట్టేదాకా కూర్చోమనలేదు.

ఆమె మళ్లీ రాలేదు. పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోయిందని హాస్టల్లో చెప్పారు. పరీక్షలూ రాయలేదు.

మే నెలలో అడ్మిషన్ల కోసం మమ్మల్ని ఊళ్లమీదికి పంపారు. నాకు సిరిసిల్ల పడింది. అప్పటికి నా ముఖం మామూలైంది. దారి అడుగుతూ ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. తల్లి కండెలు పక్కనపెట్టి లేచింది.

"రాండ్రి మేడం, కూసోండ్రి. ఎప్పుడు మీ ముచ్చటే చెప్తుండె. ఎందుకు మానేసిందో మీరన్న అడుగుండ్రి. నాకైతె చెప్తలేదు."

అమ్మాయి నీళ్లు తెచ్చిచ్చింది. నేను తాగుతుంటే నా నోటివైపే చూసింది.

"మీకు మ... మంచిగైంది మేడం. నా... నాకు గాదు."

"ఏంది బిడ్డా?" అంది తల్లి, సాంచెల చప్పుడులో వినబడక. అమ్మాయి మళ్లీ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. సంచిలోంచి కాలేజీ కరపత్రం తీశాను.

"మా చిన్నది ఇంటర్ పాసైంది. మీ కాలేజీలనే ఏస్త. మీరున్నరు గదా, నాకు రంది లేదు," అంది తల్లి.

ఫారం నింపాను. చెల్లెలి మెమో తెచ్చి నా చేతికిచ్చింది ఆ అమ్మాయే. ఆ రోజు నాకు దొరికిన అడ్మిషన్ అదొక్కటే.

ఆ చెల్లెలు ఇప్పుడు సెకండియర్. గలగలా మాట్లాడుతుంది. ఒకసారి వరండాలో ఆపి, అక్క ఏం చేస్తోందని అడిగాను.

"సాంచెల కాడ ఉంటది మేడం," అంది. "ఆడ మాట్లాడే పనుండది."