అన్ని ఊళ్లూ కొత్తగూడకే

జనగామ బస్టాండుకు దగ్గర్లో, ఒక ఎరువుల దుకాణం పైనున్న రెండు గదులే మా ఆఫీసు. కింద షట్టరు లేపినప్పుడల్లా పైన మా బల్లలు అదిరేవి. నేను చేరేసరికి అక్కడ ఒక పార్సిల్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ తయారవుతోంది. ఆ కంపెనీ వ్యాన్లు హన్మకొండ నుంచి బయల్దేరి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో తిరిగేవి. కౌంటర్లో కూర్చున్నవాళ్లు ఊరి పేరు టైపు చేస్తే, పార్సిల్ ఏ బ్రాంచికి పోవాలో మా ప్రోగ్రాం చెప్పాలి.

వినడానికి తేలికే. కానీ మా వైపు పేర్లతో చిక్కుంది. జనగామ జిల్లాలో స్టేషన్ ఘనపూర్ ఉంది. భూపాలపల్లి జిల్లాలో ములుగు ఘనపూర్ ఉంది, దాన్ని గణపురం అని కూడా రాస్తారు. ఇక మాది మహబూబాబాద్ జిల్లా అడవుల్లోని కొత్తగూడ. ఆ మాట అనగానే ఎదుటివాళ్లు కొత్తగూడెం అని దిద్దుతారు.

చేరిన కొత్తలోనే ఒక పొద్దున ఆఫీసు ఫోను మోగితే నేనే ఎత్తాను.

"పార్సల్ ఆఫీసా బిడ్డా?"

"కాదు బాపూ, సాఫ్ట్‌వేర్ ఆఫీసు."

"ఏదైతేంది. కౌంటరాయన కంప్యూటర్‌ది తప్పని గీ నంబరిచ్చిండు. మా పిలగాని లగ్గం పత్రికలు హన్మకొండల అచ్చేయించి పార్సల్ ఏసిన. ఘనపూర్ల దిగినయంటున్నరు. నేను ఘనపూర్లనే కూసున్న. ఏడున్నయ్ మరి?"

ఆయనుండేది ములుగు ఘనపూర్లో. పత్రికలు దిగింది స్టేషన్ ఘనపూర్లో. ఆ సంగతి చెబితే కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. "రైలు లేని ఘనపూర్ మాది. మీ మిషన్‌కు జర గది చెప్పరాదు!" అన్నాడు. మర్నాటి వ్యానులో పత్రికలు ఆయనకు చేరాయి. మాక్కూడా ఒకటి పంపాడు.

ములుగు ఘనపూర్ అని కొడితే అక్కడికే పోయేలా ఆఫీసు నడిపే అన్న ప్రోగ్రాంలో సరిచేసి నన్ను పిలిచాడు. "మళ్ల గిట్ల కావద్దు చెల్లె. ఊర్ల పేర్లకు టెస్టులు రాయి."

ఫలానా పేరు ఇస్తే ఫలానా బ్రాంచి రావాలి అని ప్రోగ్రాంలోని ఆ చిన్న ముక్కను ఇంకో చిన్న ప్రోగ్రాంతో పరీక్షించడమే యూనిట్ టెస్టు. వాటన్నిటినీ నడిపి, సరైనవాటిని పచ్చగా, తప్పినవాటిని ఎర్రగా చూపే సాధనం మాకుంది. నేను జనగామ జిల్లాలోని కొడకండ్లకు ఒక టెస్టు రాశాను. దాన్నే కాపీ చేసి, పేరు మార్చి ఘనపూర్‌కు, మళ్లీ కాపీ చేసి గణపురానికి రాశాను. మధ్యాహ్నానికి ఫైలు ఎంత కిందికి జరిపినా అయిపోవడం లేదు. నాకైతే బాగా పని చేసినట్టే ఉంది.

మా సీనియర్ అక్క టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడింది. ఆమెది మహబూబాబాద్. కానీ ఆ పేరు ఆమె నోట ఎప్పుడూ రాదు, మానుకోట అనే అంటుంది.

"గిదేందే, అదే ముచ్చట మళ్ల మళ్ల రాస్తున్నవ్?"

"ఊర్లు వేరే కదక్కా."

"ఊర్లు వేరే, చూసేది ఒక్కటే కదా. పేరు ఒక దిక్కు, రావాల్సిన బ్రాంచి ఒక దిక్కు పెట్టి పట్టిక రాయి. పరీక్ష ఒక్కసారి రాయి. వరుసకొక టెస్టు అదే పుట్టిస్తది."

కూర్చుని చూపించింది. పట్టికలోని వరుసలను ఒక్కొక్కటిగా చదువుతూ ఒక లూపు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఆ ఊరి పేరుతోనే ఒక కొత్త టెస్టు తయారవుతుంది. నేను రాసిందంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. చివరి వరుసలో మా కొత్తగూడను పెట్టాను. నడిపితే తెర నిండా పచ్చటి వరుసలు! సంబరం పట్టలేక కిందికి పోయి అందరికీ మిరపకాయ బజ్జీలు తెచ్చాను.

అక్క ఒక బజ్జీ తుంచి, "ఒకటి తప్పు పెట్టి చూడు. ఎర్రగైతదో లేదో," అంది.

ములుగు ఘనపూర్ పార్సిల్ కొడకండ్లకు పోవాలని కావాలనే తప్పు రాశాను. పచ్చగానే ఉంది. ఇంకో ఊరికీ తప్పు పెట్టాను. అదీ పచ్చగానే ఉంది. చివరికి మా కొత్తగూడ వరుసలో తప్పు పెట్టి నడిపితే, ఒక్కసారిగా అన్ని ఊళ్లూ ఎర్రబడ్డాయి.

అక్క తెర వైపు, నా వైపు చూసి పకపకా నవ్వింది. "అన్ని ఊర్లను తీస్కపోయి మీ ఊర్లనే దింపినవ్ గదనే!"

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. టెస్టులు తయారయ్యేది ముందు, నడిచేది తర్వాత. నడిచే వేళకు లూపు చివరి వరుస మీద ఆగి ఉంది. ప్రతి టెస్టూ ఆ ఒక్క వరుసనే చదువుతోంది. మీద పేర్లు మాత్రం వేరు, లోపల పరీక్షిస్తున్నది కొత్తగూడనే. తయారయ్యేటప్పుడే ఏ టెస్టు వరుస దానికి అప్పజెప్పేలా మార్చాను. కావాలని పెట్టిన తప్పులు తీసేసి మళ్లీ నడిపాను.

ఈసారి నిజమైన ఎరుపులు బయటపడ్డాయి. వట్టి ఘనపూర్ అని కొడితే ఏ ఘనపూర్ అని అడగాల్సిన ప్రోగ్రాం, అడక్కుండా తోచినచోటికి పంపుతోంది. దాని కిందే ఇంకొకటి: మానుకోట అంటే ఏదో దానికి అసలు తెలియదు.

అక్క నవ్వు ఆగిపోయింది. "మానుకోట తెల్వదా? జిల్లా కేంద్రం తెల్వదా దీనికి?" అంటూ కుర్చీ లాక్కుని తానే సరిచేసింది. వరుసలన్నీ పచ్చబడేదాకా లేవలేదు.

ఆ వారంలోనే వ్యాను డ్రైవర్ల ఫోన్ యాప్ పరీక్షకు వచ్చింది. పేర్లు అవే, పరీక్షా అదే. పరీక్షించేది కౌంటరునా, యాప్‌నా అన్నది మాత్రం బయటినుంచి చెప్పేలా మార్చి, రాసినదాన్నే మళ్లీ వాడాను. పొద్దున మొదలుపెడితే టీ వేళకు యాప్‌లోని తప్పులన్నీ వరుసగా తెర మీద ఉన్నాయి. యాప్ రాసిన అన్న పరేషాన్ అయ్యాడు.

"ఒక్క పూటల గిన్ని ఎట్ల పట్టినవమ్మా?"

"నేను పట్టలేదన్నా, పట్టిక పట్టింది," అన్నాను.

"గట్లనా? అయితే మా ఊరు గూడ ఎక్కియ్యి. దాన్ని మూడు తీర్ల రాస్తరు," అంటూ కుర్చీ నా పక్కకు జరుపుకుని, ఒక్కొక్క అక్షరం చెప్పడం మొదలుపెట్టాడు.