టైగరుకు చప్పిడి కూడు

మా పక్కింటి కాంపౌండరుగారు పోయారు. పక్షవాతమొచ్చి వారం రోజులుగా రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన అన్నగారబ్బాయి మా ల్యాండ్‌ఫోనుకు చేసి చెప్పాడు. వీధిలో ఆ మాట చెప్పానో లేదో, ఎదురింటావిడ, "ఆ కుక్కకి చాకిరీ చేసీ చేసీ పోయారండీ" అంది. చచ్చిన మనిషి మీదా, బతికున్న కుక్క మీదా ఎంత తేలిగ్గా నోరు పారేసుకుంటామో చూడండి.

పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారాయన. భార్య లేరు. ఉన్నదల్లా పదమూడేళ్ల టైగరు. దానికి గుండె జబ్బనీ, ఉప్పు తింటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందనీ డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆయన ఇంట్లో ఉప్పు లేదు. "నా కంచం ఘుమఘుమలాడుతుంటే అది నోరెలా కట్టుకుంటుందమ్మా?" అని తనూ చప్పిడి కూడే తిన్నారు. మాత్రను చక్కెరకేళి ముక్కలో దాచి మింగించేవారు. అది నిద్రపోతుంటే చేతివాచీ విప్పి మోకాలి మీద పెట్టుకుని, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చూసేవారు. "నోరులేని జీవమంటారు గానీ, డొక్కతో అంతా చెబుతుందమ్మా" అనేవారు.

మరి వీధి ఏమందో తెలుసా? "పిసినారి, ఉప్పు కూడా వేయకుండా మాడ్చేస్తున్నాడు" అంది. ఆయన చూడకుండా గోడ మీంచి పచ్చడి మెతుకులు విసిరింది. ఎవరో ఎందుకు, నేనే ఓ రోజు జాలిపడి ఎండుచేపల పులుసన్నం పెట్టాను. ఆ సాయంత్రానికల్లా టైగరుకు ఊపిరాడలేదు. అది తేరుకునేదాకా ఆయన దాన్ని రొమ్ముకు ఆనించుకుని కూర్చున్నారు. నేను తప్పు ఒప్పుకుంటే, "ఎవరైనా పెడతారమ్మా. చూస్తూ చూస్తూ పెట్టకుండా ఉండటమే కష్టం" అన్నారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు టైగరును నేనే చూస్తున్నాను. మొన్న ఆయన పెద్దకర్మ. భోజనాలయ్యాక చూద్దును కదా, టైగరు ముందు నిండు విస్తరి! గారెలు, పులిహోర, ఆవకాయ, గుమ్మడికాయ పులుసు.

"ఇవాళన్నా కడుపునిండా తిననివ్వండి. బాబాయి ఆత్మ శాంతిస్తుంది" అన్నాడు అన్నగారబ్బాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ బాబాయి ఇన్నాళ్లూ చప్పిడి తిన్నది ఇందుకేనా బాబూ?" అని విస్తరి లాగేశాను. టైగరు గచ్చు మీద ఒలికిన పులుసు నాకబోయింది. చెంబెడు నీళ్లు పోసి కడిగేశాను.

"చూశారా, నోటి దగ్గర కూడు లాగేసిందండీ!" అన్నారు వెనక ఎవరో.

నేను తిరిగి చూడలేదు. టైగరు తడి గచ్చునే నాకుతోంది, ఇంకా ఏమైనా మిగిలిందేమోనని.