నస్రీన్ మేడం మార్చుకున్న మాట

మొన్న ఎండాకాలం కామారెడ్డి బస్టాండు బయట ఒకామె గంపలో తునికి పండ్లు పెట్టుకుని కూర్చుంది. ఒకటి కొరికాను. ముందు తీపి, వెనకనే నాలుకను పట్టేసే వగరు. ఎల్లారెడ్డి అడవిలో కొంగు నడుముకు దోపుకుని, "తినుండ్రి బిడ్డా, గింజ మాత్రం ఈడనే ఉమ్ముండ్రి, అడవి సొమ్ము అడవికే" అన్న నస్రీన్ మేడం కళ్లముందు నిలబడ్డారు.

ఎనభైల మొదట్లో నేను రామారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి డిగ్రీ చదువుతున్నప్పుడు ఆమె మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. అడవి గురించి ఆమెకొక గట్టి నమ్మకం ఉండేది. చెట్టు, తీగ, పురుగు, పిట్ట అన్నీ కలిసి ఒకే దేహమని, దానికీ పుట్టుక, ఎదుగుదల, నిండు వయసు ఉంటాయని వెనకటి శాస్త్రజ్ఞులు కొందరు అన్నారు. నరికినా, గాయం మానినట్టు అది మళ్లీ అదే రూపానికి వస్తుందని వాళ్ల వాదన. కాదన్నవాళ్లూ ఉన్నారు. ఏ మొక్క దారి దానిదే, గాలో పిట్టో తెచ్చిన గింజ నేల నచ్చిన చోట నిలబడుతుంది, ఆ గుంపుకు అడవి అని పేరు పెట్టుకున్నది మనమే అని వీళ్లన్నారు. ఈ రెండో మాట చెప్పేటప్పుడు మేడం ముఖం చిట్లించేవారు.

"గిది పరీక్షల రాయుండ్రి, నమ్మకుండ్రి. బస్సెక్కినోళ్ల లెక్క చెట్లన్నీ ఒక్కతాన నిలబడ్డయట."

ఆ ఏడే మమ్మల్ని ఎల్లారెడ్డి అవతలి అడవికి తీసుకెళ్లారు. టేకు చెట్లు కొట్టి, మొద్దులు కూడా తవ్వేసి, కొన్నాళ్లు సాగుచేసి విడిచిన చెలక ఒకటి చూపించి, "చూస్తుండుండ్రి, ఇదంత మళ్ల టేకే అయితది" అన్నారు. మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో వాళ్లింట్లోనే భోజనం. వాళ్ల అమ్మీ బగారన్నం వడ్డించింది. ఇద్దరన్నలు, వదినెలు, పిల్లలు, అందరిదీ ఒకటే పొయ్యి. "మా ఇల్లు గూడ అడవి లెక్కనే. ఒక్కలకు జరమొస్తే ఇల్లంత పండుకుంటది" అని మేడం నవ్వారు.

చదువయ్యాక కొన్నేళ్లకు నేను అదే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. అప్పటికి అమ్మీ లేదు. చిన్నన్న దుబాయి నుంచి తిరిగొచ్చాక ఇంటి పంపకంలో మాటామాటా పెరిగి, వాకిట్లో గోడ లేచింది. అన్నదమ్ములకు మాటల్లేవు. నేను కదిలిస్తే మేడం, "రక్తం గదా, అదే కలుస్తది తియ్" అనేవారు. ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఒక ఏడు పిల్లలతో కలిసి ఇద్దరం మళ్లీ ఆ చెలకకు వెళ్లాం. టేకు లేదు. సీతాఫలం, తంగేడు, మధ్య మధ్య వేప, అడుగు పెట్టనివ్వని ముళ్లపొదలు. మేడం ముళ్లు తప్పించుకుంటూ చెలక చుట్టూ తిరిగొచ్చారు.

"పచ్చగనే ఉంది కదా మేడం" అన్నాను.

"పచ్చగనే ఉన్నది. గని అది రాలే. ఇది వేరేది."

మర్నాడు తరగతిలో ఆమె సుద్దముక్క బల్లమీద పెట్టేసి, "ఇన్నేండ్లు నేను మీకు చెప్పింది నేనే ఇప్పుడు నమ్ముతలేను" అన్నారు. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "మరి అడవి ఉన్నట్టా, లేనట్టా మేడం?" అని అడిగింది.

"ఉన్నది బిడ్డా. ఎక్కడెక్కడికెల్లో వచ్చినయి, కలిసి బతుకుతున్నయి. ఒక్కసారి చెదిరితే మళ్ల గట్లనే కూడుతయని ఎవ్వరు రాసియ్యలే. అందుకే పైలంగ చూసుకోవాలె."

ఆ రంజాన్ పండుగకు ఆమె నన్నూ ఎల్లారెడ్డి రమ్మన్నారు. పెద్దన్న వాటాలో షీర్ ఖుర్మా వండి, తానే గోడ చుట్టూ తిరిగి చిన్నన్న గడప ముందు నిలబడ్డారు.

"భాయ్, కోపం ఉంచుకో. తినుడైతే వచ్చి తిను."

ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. వదినె మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన వచ్చింది మరుసటి ఏడు. అన్నకు సలాం చెప్పి, మూలన కూర్చుని తిని వెళ్లాడు. గోడ అలాగే ఉంది. మేడం బతికున్నన్నాళ్లు ఏ పండుగకూ ఆ గడప తొక్కడం మానలేదు.

నేనిప్పటికీ పిల్లలకు ఆ రెండు వాదాలూ చెబుతాను. పుస్తకాలు దొరికితే ఎవరైనా చెప్పగలరు. మేడం దగ్గర నాకబ్బింది వేరు. పోయిన ఏడు పొలం గట్టు విషయంలో మా తమ్ముడితో తగువైంది. "కొన్నాళ్లు పోనియ్, అదే సర్దుకుంటది" అన్నారు ఇంట్లో. ఆ ఆదివారమే రామారెడ్డి బస్సెక్కి, వాడి ఇంటి ముందు దిగాను.