గంట మేష్ట్రుకు ఎంచిన హ్యామ్‌స్టర్

ఎనిమిదో క్లాసుతో చదువుకు దండం పెట్టినవాడికి కూడా ఏదో ఒక విద్య పట్టుబడకపోదని ఆ వయసులో నాకు గట్టి నమ్మకం. చింతామణి బస్టాండు వెనక పెంపుడు ప్రాణుల అంగట్లో పనికి చేరిన ఏడాదికే నాకది పట్టుబడింది: మనిషిని చూసి, అతనికి ఏ జాతి హ్యామ్‌స్టర్ సరిపోతుందో చెప్పడం. (ఎలుక అనకూడదు. అంటే మా యజమాని మొహం మాడ్చుకునేవాడు.) నేను చేతులు చూసేవాణ్ణి. అద్దం మీద నిదానంగా వేలు ఆనించేవాళ్ళకు సిరియన్ జాతిది ఇవ్వాలి. అది పెద్దది, నెమ్మదైనది, మచ్చికైతే అరచేతిలో కూర్చుంటుంది. చేతులు కట్టుకుని దూరం నుంచి చూసేవాళ్ళకు రోబో అనే బుల్లి జాతిది. బొటనవేలంత ఉంటుంది, ఒకచోట నిలవదు, చేతికి చిక్కదు. దాన్ని చూసి సంతోషపడాలంతే.

విద్య వచ్చింది గానీ బుద్ధి రాలేదు. కెంచార్లహళ్ళి టమాటా రైతొకాయన సిరియన్ ఒకటి అడిగితే, వెంట వచ్చిన వాళ్ళమ్మ ఒంటి ప్రాణిని ఇంటికి తేరాదు, జత కావాలంది. ఆ జాతివి ఒక గూట్లో రెండుంటే కొట్టుకుంటాయని నాకు తెలుసు. అయినా పెద్దామె మాట కాదనలేక, ‘ఈ పెళ్ళికి పెద్దను నేనేలేమ్మా’ అని ఒక జోకు కూడా వేసి జతను ఇచ్చేశాను. పది రోజుల్లో జంట తిరిగొచ్చింది, ఒకదానికి చెవి చినిగి. యజమాని అరవలేదు. “ఇంకొకటి వాపసొచ్చిందంటే దాన్ని నేను పెట్టుకుంటా, నువ్వు ఇంటికి పో” అన్నాడు. ఇంటికి పోతే మా నాయన పురుగుమందు కొట్టే డబ్బా వీపుకు తగిలించి తోటలోకి తోలడానికి సిద్ధంగా ఉన్నాడు.

సరిగ్గా ఆ వారమే గంట మేష్ట్రు వచ్చారు. లోకమంతా బడిగంట ప్రకారం నడవాలనే మనిషి కాబట్టి ఆయనకు బడిలో మేం పెట్టుకున్న పేరది. కూర్చున్నచోట కాలు ఊపుతానని ఆయన నన్ను ఎన్నిసార్లు బయట నిలబెట్టారంటే, నేను ఎనిమిది చదివింది క్లాసులో కాదు, వరండాలో. రిటైరయ్యాక ఆయన భార్య, ‘గదమాయించడానికి నన్ను వదిలి ఇంకేదైనా ప్రాణిని తెచ్చుకోండి’ అన్నదట. నన్ను గుర్తుపట్టినట్టు లేరు. అద్దం మీద నిదానంగా వేలు ఆనించారు. అచ్చమైన సిరియన్ మనిషి! నేను మాత్రం అంగట్లోకెల్లా చురుకైన రోబోను డబ్బాలో పెట్టి, చెప్పినమాట బాగా వింటుందని చెప్పి పంపించాను. ఆ పూటంతా నాలో నేను నవ్వుకున్నాను. ఆ డబ్బాలో నా ఉద్యోగం కూడా పోయిందని అన్నం ముందు కూర్చున్నాక గానీ తట్టలేదు.

ఎనిమిదో రోజు మేష్ట్రు తువ్వాలు కప్పిన పంజరంతో దిగారు. యజమాని గల్లా దగ్గరే ఉన్నాడు.

“ఎట్లుండాది సార్?” అన్నాను.

“పొద్దున ఆరుకు గంట కొడితే పండుకోనే ఉంటాది. పట్టుకుందామంటే చేతికి రాదు. చెప్పింది ఒకటీ వినదు.”

యజమాని నా వైపు చూశాడు. నేను మనసులో మందు డబ్బా తగిలించుకున్నాను. మేష్ట్రు తువ్వాలు తీసి, పంజరంలో అది పరిగెత్తే చక్రం కిర్రుమంటోందని, చప్పుడు లేనిది ఉంటే ఇమ్మని అడిగారు.

“వాపసిచ్చేదానికి రాలేదా సార్?” నోరు జారింది.

“ఎందుకప్పా? నాలుగు దినాలు గదమాయిస్తి. ఐదోనాడు కుర్చీ వేసుకోని కూర్చుంటి. దీపం పెట్టే యాళకు లేస్తాది. మా ఇంటామె కూడా వచ్చి కూర్చుంటాది. పరిగెత్తేదాన్ని ఊరికే చూస్తాంటే ఎంత బాగుంటాదో.” ఆయన చూపు బల్ల కిందికి, నా కాలి మీదికి పోయింది. “నీ కాలు ఇంకా నిలవలేదే, మొన్న వచ్చినప్పుడే చూస్తి. ఆ కాలంలో నిన్ను క్లాసు బయటికి పంపకుండా ఉండాల్సింది.”

మొదటి రోజే గుర్తుపట్టారన్నమాట. ఆయన వెళ్ళాక యజమాని, మనిషిని చూసి భలే ఎంచినావని నా వీపు తట్టాడు. కసితో ఎంచానని చెప్పలేదు. (ఇప్పుడు మీకు చెబుతున్నాను.)

ఇప్పుడు బాగేపల్లిలో నాకే ఒక అంగడి ఉంది. ఎవరొచ్చినా చేతులు చూసి, తెలిసిందే చెప్పి, సరైనదే ఇస్తున్నాను. అయినా అంత బాగా కుదిరిన జోడీ మళ్ళీ తగల్లేదు. కాలు ఇప్పటికీ ఆగదు. ఇది రాస్తుంటే బల్ల కదిలి అక్షరాలు వంకర పోతున్నాయి. మా ఆవిడ ఇందాకట్నుంచి చూస్తోంది. గదమాయిస్తుందేమో అనుకున్నాను, కుర్చీ లాక్కుని కూర్చుంది.